ఫ్లాపీలకు ఆయుధపూజ

ఎనభైల చివర్లో జహీరాబాద్‌లో కంప్యూటర్ గురించి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని గట్టిగా నమ్మేవాణ్ణి. ఊళ్ళో ఎవరూ ఆ మాట కాదనలేదు. వాళ్ళకు ఆ విషయంలో ఆసక్తి లేకపోవడమే కారణమని అప్పట్లో నాకు తోచలేదు. హైదరాబాద్‌లో మూడు నెలల కోర్సు చేసి వచ్చి, బొంబాయి రోడ్డు మీద ఒక బట్టల దుకాణం పై గదిలో శిక్షణ కేంద్రం తెరిచాను. ఉన్నది ఒకటే కంప్యూటర్. దానికి లోపల దాచుకునే చోటంటూ లేదు. పొద్దున్నే ఫ్లాపీ పెడితేనే లేచేది, మనం రాసిందంతా మళ్ళీ ఫ్లాపీలోనే దాచేది. ఫ్లాపీ అంటే అరచేయంత నల్లటి పలక.

ఆ గదికి నేను పెట్టిన నియమాలు చూస్తే మఠాధిపతులు సిగ్గుపడాలి. చెప్పులు మెట్ల దగ్గరే విడవాలి. తుమ్ము వస్తే వరండాలోకి పరుగెత్తాలి. కిటికీకి తడిపిన చాప కట్టించాను. దుమ్మే దానికి శత్రువని రోజూ ప్రవచనం చెప్పేవాణ్ణి.

విద్యార్థుల్లో కోహీర్ నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఉండేది. డిగ్రీ పూర్తయింది. వాళ్ళ నాన్న అల్లం పండించే రైతు. దసరా దాకా పంపిస్తానని, పండుగ తర్వాత స్వయంగా వచ్చి చూస్తానని ఆయన ముందే చెప్పాడు. బిడ్డ నేర్చింది పనికొచ్చేదైతే చదువు సాగుతుంది, కాలక్షేపమైతే ఆ రోజుతో బంద్. ఆ అమ్మాయి మాత్రం ఇంకా నేర్చుకుని హైదరాబాద్‌లో పరీక్ష రాయాలని పట్టుదలగా ఉండేది. అల్లం బస్తాల తూకాలు వేస్తే మొత్తం తేల్చి చూపే ప్రోగ్రాం సొంతంగా రాసింది. నేను రెండు తప్పులు దిద్దాను. వాటిలో ఒకటి తప్పు కాదని తర్వాత తెలిసింది.

దసరాకు ముందు హైదరాబాద్ వెళ్ళినప్పుడు నా స్నేహితుడొకడు టైపింగ్ నేర్పే ఫ్లాపీ ఒకటి ఇచ్చాడు. బస్సులో దాన్ని తిరుపతి ప్రసాదంలా ఒళ్ళో పెట్టుకుని, ఎండ తగలకుండా రుమాలు కప్పి, పక్క మనిషి మోచేయి తాకితే కసిరి మరీ తెచ్చాను. దుమ్ము పడనీయలేదు. అసలు శత్రువు మాత్రం దర్జాగా నా ఒళ్ళోనే కూర్చుని వచ్చింది.

ఆయుధపూజ నాడు నా బుద్ధి పూర్తిగా వికసించింది. కంప్యూటర్‌కు బంతిపూల దండ వేశాం, బొట్టు పెట్టాం. అంతటితో ఆగితే బాగుండేది. ఏడాదంతా విద్య కలిసిరావాలంటే ఆ రోజు ప్రతి ఫ్లాపీ ఒకసారైనా కంప్యూటర్‌లోకి వెళ్ళి రావాలని నేనొక శాస్త్రం కనిపెట్టాను. కంప్యూటర్‌ను లేపడానికి స్నేహితుడిచ్చిన కొత్త ఫ్లాపీనే వాడాను, కొత్త వస్తువు కదా! ఫ్లాపీ అంచున చిన్న గాటు ఉంటుంది. దానిమీద కాగితం పట్టీ అంటిస్తే కంప్యూటర్‌కు అందులో కొత్తగా ఏదీ రాయడం కుదరదు. పూజనాడు కత్తికి ఒర ఉండకూడదు కాబట్టి ఆ పట్టీలన్నీ నా చేత్తోనే పీకాను. నేను మంత్రం చదువుతుంటే పిల్లలు ఒక్కొక్కటే పెట్టి తీశారు. కోహీర్ అమ్మాయి ఫ్లాపీ ఒక్కటే పూజకు అందలేదు. బతుకమ్మకు సెలవు పెట్టి వెళ్తూ, అమ్మకు చూపిస్తానని పట్టుకుపోయింది.

సెలవుల తర్వాత మొదటి రోజే తెర మీద ఒక చిన్న బంతి ప్రత్యక్షమైంది. అంచులకు కొట్టుకుంటూ, అక్షరాలకు తగిలి ఎగురుతూ అదే పనిగా తిరిగింది. ఇదేమిటి సార్ అని పిల్లలు అడిగారు. తెలియదు అనే మాట నా సిలబస్‌లో లేదు. కళ్ళకు వ్యాయామం కోసం కంపెనీ వాళ్ళు పెట్టిన ఏర్పాటని చెప్పాను. నోట్సులో రాసుకున్నారు.

అమ్మాయి, వాళ్ళ నాన్న వచ్చింది ఆ వారంలోనే. కంప్యూటర్‌ను నేనే నా ఫ్లాపీతో లేపి పెట్టాను. ఆమె తన ఫ్లాపీ పెట్టింది, పట్టీ తీయకుండానే. తూకాలు ఒక్కొక్కటే వేస్తుంటే ఆయన ముందుకు వంగి చూస్తున్నాడు. మొత్తం తేలబోతుండగా బంతి వచ్చింది. అంకెల మీద గెంతుతూ గదిలో అందరికంటే హుషారుగా ఆడింది. ఆయన నిటారుగా నిలబడ్డాడు.

"సారూ, ఇది ఆటనే గద. ఆటలు మా ఊళ్ళె గూడ ఉన్నయి."

కళ్ళ వ్యాయామం గురించి చెప్పబోయాను. అమ్మాయి నా వైపు ఒక చూపు చూసింది. ఫ్లాపీ తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే ఎస్టీడీ బూత్ నుంచి, ఫ్లాపీ ఇచ్చిన స్నేహితుడికి ఫోన్ చేశాను. ముందు తనివితీరా నవ్వి, అది వైరస్ అని, వాడి ఫ్లాపీలకూ ఉన్నట్టు నిన్ననే తెలిసిందని చెప్పాడు. ఫ్లాపీలో మొట్టమొదటి చోట అది దాక్కుంటుంది. ఆ ఫ్లాపీతో లేపితే కంప్యూటర్ బుర్రలోకి ఎక్కి కూర్చుంటుంది. ఆ తర్వాత పట్టీ లేని ఏ ఫ్లాపీ పెట్టినా దానికి తన నకలు అంటిస్తుంది. అంటే నేను చేయించింది ఆయుధపూజ కాదు, వైరస్‌కు ఊరేగింపు. ఈ రోజుల్లో వచ్చేవి చప్పుడు చేయకుండా కూర్చుని మన రాతలూ మాటలూ బయటికి మోసుకుపోతాయట. మాది అమాయకపుది, దొంగతనానికి వచ్చి నట్టింట్లో గంతులేసింది.

వదిలించే పద్ధతి కూడా వాడే చెప్పాడు. కరెంటు పూర్తిగా ఆపితే బుర్రలో ఉన్నది పోతుంది. తర్వాత జబ్బు లేని ఫ్లాపీకి పట్టీ వేసి దానితో లేపాలి. ఆపైన మిగతా ఫ్లాపీల మొదటి చోటును ఒక్కొక్కటిగా తిరగరాయించాలి. జబ్బు లేని ఫ్లాపీ ఒక్కటుంటే చాలన్నాడు. నా పూజ అంత నిష్ఠగా జరిగింది మరి, అది గదిలో ఎక్కడుంటుంది?

మర్నాడే కోహీర్ వెళ్ళాను. పూజకు అందని, పట్టీ తీయని ఆ అమ్మాయి ఫ్లాపీ ఒక్కటే శుభ్రంగా ఉండాలి, అందులో కంప్యూటర్‌ను లేపే సరంజామా కూడా ఉంది. అది కావాలి, ఆమె మళ్ళీ రావాలి. వాళ్ళ నాన్న మంచం వేసి, చాయ్ తెప్పించి, నేను చెప్పిందంతా ఓపికగా విన్నాడు. రైతుకు అర్థమయ్యేలా చెప్పాలనే ఉబలాటంలో, విత్తనపు అల్లంలో కుళ్ళు ఉంటే చేనంతా పాకినట్టే ఇదీ అన్నాను. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

"మంచి విత్తనాన్ని కుళ్ళు దగ్గర ఎవరన్న పెడతరా సారూ? గందుకే బిడ్డను ఇంట్ల ఉంచుకున్న. ఆ పలక కావాలంటె తీస్కపోన్రి."

ఖాళీ కప్పులో చాయ్ తాగుతూ కూర్చున్నాను. గడపలో నిలబడ్డ అమ్మాయి నెమ్మదిగా అంది.

"విత్తనం ఇంట్లనే పెట్టుకుంటె పంటెట్లొస్తది నాయినా?"

ఆయన కూతురి వైపు తిరిగాడు. మర్నాడు పొద్దున తానూ వస్తానని, ఆ బంతి ఎట్లా పోతుందో చూస్తానని మాత్రం అన్నాడు.

వచ్చాడు. నేను చేయి పెట్టబోతే అమ్మాయి వద్దంది. తనే కరెంటు ఆపింది, పట్టీ గట్టిగా ఉందో లేదో వేలితో నొక్కి చూసి తన ఫ్లాపీతో కంప్యూటర్‌ను లేపింది. ఒక్కో ఫ్లాపీ బాగుచేసి, వెంటనే దానికీ పట్టీ వేసి పక్కన పెట్టింది. మధ్యాహ్నానికి అన్నీ అయ్యాక తూకాల ప్రోగ్రాం మళ్ళీ నడిపింది. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఈసారి బస్తాలు తానే చెప్పాడు. మొత్తం తేలింది. ఆ తర్వాత కూడా చాలాసేపు తెర ముందు నుంచి కదలలేదు. బంతి రాలేదు.

లేచి కండువా దులుపుకుని నన్ను అడిగాడు.

"సారూ, గీ పలకల డబ్బకు తాళం ఉంటదా?"

ఉంటుందన్నాను.

"దాని చాబి మా బిడ్డ దగ్గర ఉండని. రేపటిసంది వస్తది. మీరు జర భక్తి ఎక్కువున్న మనిషి."

జేబులోంచి తీసి ఇచ్చాను. బతికిపోయాననిపించింది, సిగ్గూ వేసింది. ఆ అమ్మాయి పరీక్షకు హైదరాబాద్ వెళ్ళేదాకా, నా సొంత శిక్షణ కేంద్రంలో నాకు ఫ్లాపీ కావాలంటే ఆమెనే అడిగేవాణ్ణి. ఎందుకో చెప్పందే ఇచ్చేది కాదు.