రాతికి రాసిన పసుపు

మొన్న ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు మా అపార్ట్‌మెంటు వాళ్ళ ఫోన్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ టీచరుగారు కూతురితో, అల్లుడితో కలిసి ఫ్రాన్సు చూడ్డానికి వెళ్ళారు. అక్కడ ఏదో నది పక్కన, పల్లెల మీదుగా పోయే కాలిబాటలో ఒక చెట్టు. దాని బెరడు మీద బెత్తెడు పొడుగున పసుపుపచ్చ పట్టీ, దాని కింద అంతే ఎర్ర పట్టీ. "చూశారా, ఇక్కడ కూడా మన పసుపూ కుంకుమే!" అని రాశారావిడ. ఏడయ్యేలోపు పదకొండు మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. వాటర్ ట్యాంకు గొడవ తరవాత ఎవరితోనూ మాట్లాడని సెక్రటరీ గారు కూడా పెట్టారు. నేను పెట్టలేదు. కాఫీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. ఆ పట్టీలను నేను అంతకు ముందెన్నడూ చూడలేదు. కాని ఎలా ఉంటాయో నలభై ఏళ్ళుగా తెలుసు. నాకు చెప్పిన మనిషి పోయి ఎనిమిది నెలలైంది. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను.

ఆమె మా పెద్దమ్మ కూతురు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. కోనసీమలో మా బావ కొబ్బరి దింపు తీసేవాడు. ఒకరోజు చెట్టు మీంచి పడి నడుం పోగొట్టుకున్నాడు. ఆ మరుసటేడే అక్క కువైట్‌కి వంటమనిషిగా వెళ్ళింది. డెబ్భైల చివర నేనూ వెళ్ళాను. సిటీలో ఒక ఆఫీసులో టైపిస్టుని. పని బాగా చేస్తానని పేరుండేది. ఇచ్చిన కాగితంలో ఏముందో అదే, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా కొట్టేవాణ్ణి. హవల్లీలో నలుగురం కలిసి ఉండే ఫ్లాటుకు శుక్రవారం మధ్యాహ్నం అక్క వచ్చేది. వాళ్ళింటి డ్రైవరు దింపి సాయంత్రం తీసుకెళ్ళేవాడు. అక్కడ జుబేది అంటారు మన చందువా చేపని, దాంతో పులుసు పెట్టేది. మా నలుగురిలో ఇద్దరు కడప జిల్లా వాళ్ళు. పులుసులో బెల్లం వేస్తుందని మొదట్లో వెక్కిరించారు. నెల తిరక్కుండానే శుక్రవారం కోసం గిన్నెలు తోమి ఎదురుచూడడం మొదలుపెట్టారు.

తను పనిచేసే ఇంటావిడను అక్క, అక్కడి పనివాళ్ళందరిలాగే, మామా అనేది. ఆవిడ తల్లిని పెద్ద మామా అనేది. పెద్ద మామాకు చక్కెర జబ్బు, చూపు మసక. రోజూ గంటసేపు నడవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. కువైట్ ఎండలో ఎక్కడ నడుస్తుంది? చలికాలం ఊరి బయట ఎడారిలో, కబ్ద్‌లో ఉన్న వాళ్ళ తోటకి తీసుకెళ్ళి నడిపించబోతే, పది అడుగులకే చెప్పుల్లో ఇసుక నిండి కూర్చుండిపోయిందట. వేసవిలో మాత్రం వాళ్ళు ఫ్రాన్సులో నది ఒడ్డున ఒక పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకునేవారు. జూన్ చివర వెళ్తే సెప్టెంబరుకు రావడం. వంటకి అక్క, పెద్ద మామాని నడిపించడానికీ అక్కే. అలా మూడు వేసవులు ఆ ఇద్దరూ ఆ దారుల వెంట నడిచారు.

ఆ దారుల గురించి అక్క చెబుతుంటే మేం పులుసు కలుపుకోవడం ఆపి వినేవాళ్ళం. "మన కాలవ గట్టే అనుకో తమ్ముడూ. ఎత్తూ పల్లం ఉండదు. ఒక పక్క నది, ఒక పక్క మొక్కజొన్న చేలు. ఆవుల్ని కంచెలో పెట్టి, మధ్యలో మనుషులు ఎల్డానికి చిన్న తలుపెట్టారు. తీసుకుని ఎల్లాక మళ్ళీ మూసెయ్యాలి. మూయకపోతే ఊరుకోరు." ఎదురైన వాళ్ళంతా బోంజూర్ అనేవారట. పెద్ద మామా సలాం చెప్పేదట. "మరి నువ్వేమనేదానివి?" అన్నాడు మా కడప మిత్రుల్లో ఒకడు. "ఏమంటాను, ఆయ్ అనేదాన్ని. వాళ్ళు కూడా నవ్వి ఎల్లిపోయేవోరు."

దారి తప్పకుండా అక్కడ చెట్లకూ స్తంభాలకూ రాళ్ళకూ పట్టీలు వేసి ఉంటాయి. పైన పసుపు, కింద ఎరుపు. మొదటి రోజు అవి చూసి అక్క చెప్పులు విడిచి, చెట్టును ముట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ ఊరి ఆడవాళ్ళెవరో శుక్రవారం పూట రాశారనుకుంది. పెద్ద మామా పకపకా నవ్వి, "చెట్టుకు దణ్ణం ఏమిటే పిచ్చిదానా" అందట. మామా ఓపికగా చెప్పింది, అవి నడిచేవాళ్ళ కోసం వేసిన రంగులని. అక్క మాకు ఆ సంగతి చెబుతూ, "రంగేసినోళ్ళకి ఇన్ని రంగులుండగా ఈ రెండే దొరికాయా?" అంది. నమ్మలేదు. కాని వాటి వాడకం పట్టేసింది. చదువు రాని అక్కకూ చూపు ఆనని పెద్ద మామాకూ ఆ పట్టీలే బోర్డులు. ఎరుపు ఆవిడకు సరిగా కనబడేది కాదు. పసుపుపచ్చగా ఉన్నది మాత్రం ఆనేది. పచ్చగా కనబడితే "యల్లా", అంటే ఇక పద అని, అక్క ఆవిడకు నేర్పింది. రెండో వేసవికి పెద్ద మామా ఒక్కోసారి ఒంటరిగా కూడా వెళ్ళి వచ్చేసేది. డాక్టరు మెచ్చుకున్నాడట.

మూడో వేసవి, ఎనభై మూడు అనుకుంటాను, ఆగస్టు సగంలోనే వాళ్ళు తిరిగి వచ్చారు. పెద్ద మామా నదిలో పడి చనిపోయిందనీ, తీసుకొచ్చి ఖననం చేశారనీ డ్రైవరు నాకు ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పాడు. చూపు ఆనక దారి తప్పిందని ఇంట్లో అందరూ అనుకుంటున్నారన్నాడు. ఆ శుక్రవారం అక్క వచ్చింది. మిగతా ముగ్గురూ డ్యూటీలో ఉన్నారు. ఆమె చేప తేలేదు. వంటింట్లో నేలమీద కూర్చుంది. నేను నీళ్ళిచ్చాను. తాగలేదు.

"శ్రావణ శుక్రవారం కదా తమ్ముడూ. ఆళ్ళింట్లో పూజ ఎక్కడ సేసుకోను? పెద్ద మామాతో నడుత్తుంటే నదికి దిగే మెట్ల దగ్గర ఒక రాయి ఉంది. గంగమ్మ గుమ్మం బోసిగా ఉందనిపించింది. పసుపూ కుంకం పొట్లం నా కొంగునే ఉంది. పసుపు రాసి బొట్లెట్టి, మీ బావ కోసం దణ్ణం పెట్టుకున్నాను. అంతే."

నాకు ఇంకా అర్థం కాలేదు.

"మర్నాడు చుట్టాలొచ్చారు. నన్ను వంటింట్లోంచి కదలనివ్వలేదు. ఆవిడొక్కత్తే ఎల్లింది. ఎప్పుడూ నేరుగా పోవాలి అక్కడ. రాయి పచ్చగా కనబడింది, అటు తిరిగింది. మెట్లకి పాచి. నీళ్ళు మోకాలు లోతే. తలకి దెబ్బ తగిలింది." తన కుడి అరచెయ్యి చూసుకుంది. "తెచ్చి పడుకోబెట్టారు. ఆవిడ చెయ్యి పచ్చగా ఉంది తమ్ముడూ. రాయి పట్టుకుని దిగింది. ఏదో పువ్వుల పుప్పొడి అనుకున్నారు. తడిగుడ్డ తెచ్చి నేనే తుడిచాను. తుడిచేశాను."

ఫ్యాను తిరుగుతోంది. కింద వీధిలో ఎవరో హారన్ కొడుతున్నారు. ఇవి గుర్తున్నాయి. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట కూడా మరిచిపోలేదు. "ఎవరైనా చూశారా?" అన్నాను.

అక్క నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను.

"సూత్తే ఏంటి, సూడకపోతే ఏంటి? మామాకి సెప్పాలి. నాకొచ్చిన అరబ్బీలో ఉప్పుకీ ఇస్త్రీకీ మాటలున్నాయి గాని దీనికి లేవు. ఆవిడకి ఇంగ్లీషొచ్చు. నువ్వొచ్చి సెప్పాలి."

"చెబితే జైల్లో వేస్తారక్కా. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరుంది. బావని ఎవరు చూస్తారు?"

"మీ బావ సంగతి నువ్వు నాకు సెప్పకు. వత్తావా, రావా?"

వెళ్ళాను. వారం తరవాత, మధ్యాహ్నం, వాళ్ళింటి వెనక వంటింటి గుమ్మం దగ్గర. మామా నల్లబట్టల్లో వచ్చి నిలబడింది. చాలా మర్యాదస్తురాలు, నాకు కుర్చీ వేయించింది. నేను కూర్చోలేదు. అక్క తెలుగులో మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. శ్రావణ శుక్రవారం, రాయి, పసుపు, అరచెయ్యి, తడిగుడ్డ. చెప్పి నా వైపు తిరిగింది. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ఆ రోజు పెద్దావిడ వెంట వెళ్ళలేకపోయినందుకు మా అక్క కుమిలిపోతోందని, క్షమించమని అడుగుతోందని చెప్పాను. అది రెండు ముక్కల్లో అయిపోయింది. అక్క చెప్పినంతసేపూ నేనూ చెప్పాలి కదా. అందుకని నది గురించి, నడిచిన దారుల గురించి, ఆవిడ నవ్వు గురించి చెబుతూ పోయాను. ముందుగా అనుకుని చేసిన పని కాదు. నోరు తెరిచాక అలా వచ్చింది. ఇది సమాధానం కాదని నాకు తెలుసు.

మామా ఏడ్చింది. అక్క కుడిచెయ్యి రెండు చేతులతో పట్టుకుని "ఖలాస్, ఖలాస్", ఇక చాలు అంది. నీ తప్పు లేదని, అల్లా రాసిపెట్టాడని అరబ్బీలో నెమ్మదిగా చెప్పింది. అది అక్కకు అర్థమైంది. గుమ్మంలోనే కూలబడిపోయింది.

అక్క నాతో గేటు దాకా వచ్చి అడిగింది. "అంతా సెప్పావా?"

"చెప్పాను."

"కుంకం అన్న మాట ఇనబడలేదే?"

"ఇంగ్లీషులో దానికి వేరే మాటుంది."

అక్క తలూపింది.

ఆ తరవాత అక్క ఇంకో ఆరేళ్ళు ఆ ఇంట్లోనే పనిచేసింది. వాళ్ళు మళ్ళీ ఆ నది వైపు వెళ్ళలేదు. ఎనభైల చివర ఇంటికి వచ్చేసి, బావ పోయేదాకా చూసుకుంది. "అంత తెలిసీ నన్ను ఇంట్లో ఉంచుకుంది, అలాంటి మనిషి ఉంటాదా?" అని మామా గురించి ఊళ్ళో అందరికీ చెప్పేది. నేను పక్కనుంటే నన్ను సాక్ష్యం అడిగేది. నిజం చెబితే మామా ఏం చేసేదో నాకు తెలియదు. నిజంగానే క్షమించేదేమో. ఆ అవకాశం నేను ఆవిడకు ఇవ్వలేదు. అక్కకూ ఇవ్వలేదు. ఇంత వయసొచ్చాక కూడా, ఆ గుమ్మం దగ్గర మాట్లాడింది నేనేనంటే నాకు నమ్మశక్యంగా ఉండదు.

ఏటా శ్రావణంలో అక్క మొదట్లో ఉత్తరం రాయించేది, తరవాత తరవాత ఫోన్ చేసేది. బాగోగులన్నీ అయ్యాక గొంతు తగ్గించి, "తమ్ముడూ, అంతా ఇన్నాకే అంది కదా మామా, నా తప్పు లేదని?" అని అడిగేది. అవునక్కా అనేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళ పైన అలా అన్నాను. ఏళ్ళు గడిచే కొద్దీ ఆ అబద్ధం తేలికవుతుందని అనుకున్నాను గాని కాలేదు. ఈ శ్రావణంలో ఫోన్ రాలేదు. ఇప్పుడు నన్ను ఆ మాట ఎవరూ అడగడం లేదు.