అప్పల్రాజు బావ కుడి కన్ను

నిన్న పొద్దున అక్క ఫోన్. "మీ బావ లెగట్లేదురా" అంది.

న్యూ సెటిల్‌మెంట్‌లోని మా క్వార్టర్ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లేసరికే అంతా అయిపోయింది. హార్ట్ ఎటాక్ అన్నారు.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు. మొన్న ఆదివారమే గోల్‌బజార్‌లో అరగంట చేపలు బేరమాడి నన్ను విసిగించాడు.

అప్పల్రాజు బావ రైల్వే వర్క్‌షాప్‌లో క్రేన్ ఆపరేటర్. కుడి కన్ను పాడయ్యాక క్రేన్ మీద నుంచి దింపేసి స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. ఇది మీ అందరికీ తెలుసు. ఎలా పాడయిందో తెలియదు.

ఆరేళ్ల క్రితం ఆ కన్ను ఎర్రబడింది. నేను వాడగా మిగిలిన కంటి చుక్కల సీసా ఇంట్లో ఉంటే ఇచ్చాను. మన క్వార్టర్లలో అలవాటేగా, ఒకరి మందు నలుగురికి.

మూడు రోజులు ఎరుపు తగ్గింది. నేను పెద్ద డాక్టర్‌లా ఫీలయ్యాను. నాలుగో రోజు బావ వెలుతురు చూడలేకపోయాడు.

హెర్పిస్ వైరస్ అన్నారు కంటి డాక్టర్. నా చుక్కల్లో స్టెరాయిడ్ ఉంది, దాంతో కంటి మీది పుండు ముదిరింది. "ఇవి ఎవరిచ్చారు?" అని అడిగారు.

బావ నా వైపు చూడనైనా లేదు. "దుకాణంలో కొన్నాను సార్" అన్నాడు.

మచ్చ మిగిలిపోయింది. జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టేది. విసుగొచ్చి ఓసారి "ఏటి సార్, కన్ను తీసేత్తే పోద్దా?" అని అడిగాడు.

పోదట. కంటి పైపొరలో ఉన్న నరాల చివర్ల నుంచి వైరస్ లోపలికి పాకుతుందట. చెవికి ముందు, పుర్రె లోపలున్న నరాల ముడికి చేరి అక్కడి కణాల్లో నిద్రపోతుందట. ఒంట్లో బాగోనప్పుడు లేచి అదే నరం వెంట కంటికి వస్తుందట. మందు అణచగలదు గానీ అక్కడి నుంచి వెళ్లగొట్టలేదు.

బావ చెవి దగ్గర తట్టుకుని నవ్వాడు. "రిటైరైపోయినా క్వార్టర్ ఒగ్గనోడిలాగున్నాడు ఈడు."

నాకు నవ్వు రాలేదు. క్రేన్ అంటే బావకి ప్రాణం. దాని మీద నుంచి దింపింది నేను. ఆరేళ్లు నోరు విప్పలేదు.

ఈరోజు పొద్దున అక్క పక్కన కూర్చుని చెప్పేశాను.

అక్క కళ్లు తుడుచుకుంది. "నాకు తెలుసురా. ఆస్పత్రి నుంచి వొచ్చిన రోజే మీ బావ సెప్పినాడు. 'నీకు తెలుసని ఆడికి తెలీనీకు, సిగ్గుపడి మనింటికి రావడం మానేత్తాడు' అన్నాడు."

ఆరేళ్లూ ప్రతి ఆదివారం వాళ్లింట్లోనే భోంచేశాను.

దయచేసి ఒకరి కంటి చుక్కలు ఇంకొకరికి ఇవ్వకండి.

బావా, తప్పు నాది. నీ ముందు ఒక్కసారి ఒప్పుకోవాల్సింది.

వెళ్లిరా. కంట్లో ఏ మంటా లేకుండా హాయిగా నిద్రపో.