అర అంగుళం

భద్రమ్మకు కోపం ఎక్కువని ధర్మవరంలో ఆమె వీధి వీధంతా చెప్పుకునేది. మగ్గం ముందు కూర్చోవలసిన ఆడపిల్ల రోజూ రైలెక్కి అనంతపురం పోయి ప్రెస్సులో బొమ్మలు గీయడమేమిటని ఒకసారి అన్నందుకు సొంత మేనత్తతో ఏడేళ్లు మాట్లాడలేదు. అయితే ఆ కోపం ఊరికే వచ్చేది కాదు. పని చెడగొట్టిన వాళ్లమీద వచ్చేది.

పని విలువ ఆమెకు తండ్రి రామదాసు నేర్పాడు. ఆయన చీరల అంచులకు చదరాల కాగితం మీద హంసలు, మామిడి పిందెలు గీసేవాడు. ఒక్కొక్క గడీ ఒక్కొక్క పోగు. "ఒక గడి తప్పితే చీర పొడుగునా హంస మెడ ఇరుగుతాది. నేసేవానికి ఏం తెలుసు పాపం, నువ్వు గీసిందే వాడు నేస్తాడు" అనేవాడు. తప్పు గీస్తే వేళ్ల మీద స్కేలుతో కొట్టేవాడు.

డెబ్బై తొమ్మిదిలో అనంతపురం ప్రెస్సు యజమాని గంగాధరప్ప పాతదే అయినా ఒక ఆఫ్‌సెట్ మిషను కొన్నాడు. అంతదాకా ఆయనది సీసం అక్షరాలు పేర్చే పని. ఈ కొత్త మిషనుకు అట్లా కాదు. అక్షరాలు, బొమ్మలు, గీతలు అన్నీ ఒక తెల్ల అట్ట మీద గీసి, అతికించి, తుది రూపంలో సిద్ధం చేయాలి. దాన్ని బెంగళూరులో ఫోటో తీసి నెగెటివ్ పంపుతారు. నెగెటివ్ నుంచి ప్లేటు, ప్లేటు నుంచి అచ్చు. అట్ట మీద ఎట్లా ఉంటే కాగితం మీద అట్లాగే వస్తుంది. ఆ అట్ట తయారుచేసే మనిషి ఊళ్లో ఒక్కరూ దొరకలేదు. పట్టుచీరల లేబుళ్ల పని మీద ధర్మవరం వచ్చిన గంగాధరప్ప, రామదాసు ఇంటి అరుగు మీద భద్రమ్మ రాసిన అక్షరాలు చూసి అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చాడు.

నాలుగేళ్లలో ఆమె చేతి పనికి పేరొచ్చింది. ప్రతి అట్ట మీదా లేత నీలం పెన్సిలుతో రెండు గీతలు గీసేది. కెమెరాకు ఆ రంగు కనబడదు. బయటి గీత దగ్గర కాగితాలు కత్తిరించే మిషను కత్తి పడుతుంది. లోపలి గీత దాటి ఒక్క అక్షరం కూడా బయటికి రాకూడదు. కత్తి ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ పడినా మధ్యలో ఉన్నది మిగలదు. అట్ట మీద పలచని బటర్ పేపర్ కప్పి, ఏది ఏ రంగో, ఏది కదపకూడదో దాని మీద మిషను వాళ్లకు రాసి పెట్టేది.

ఎనభై మూడు జూన్‌లో దివాకర్ వచ్చాడు. వేరుశనగ విత్తనాలు కొని, మొలక కుళ్లకుండా మందు పూసి, గుడ్డ సంచుల్లో కట్టి అమ్మే వ్యాపారం ఆయనది. సంచి మూతికి కుట్టడానికి చీటీలు కావాలి. భద్రమ్మ వేళ్లకు కాయలు వేలాడే వేరుశనగ చెట్టు గీసింది. పైన ఆయన పేరు. అడుగున ఎర్రటి పట్టీ. పట్టీలో పుర్రె, కింద అడ్డంగా రెండు ఎముకలు, పక్కన "విషం పూసిన విత్తనం. తినరాదు" అనే మాట.

దివాకర్ ముఖం చిట్లించాడు.

"పుర్రె ఎందుకమ్మా? నేనేమన్నా శ్మశానం నడుపుతాండానా?"

"మందు పూసింది గదా సార్. చదవను రానోళ్లకు ఎట్ల తెలియాల?"

"సరే, ఉండనీ. నా పేరు మాత్రం ఇంకా పెద్దగా రావాల. చెట్టు కూడా పెద్దది చెయ్యి. బస్టాండులో నిలబడి చూస్తే కనపడాల."

"అవి పెద్దవి చేస్తే పట్టీ గీత దాటి కిందికి పోతాది సార్. కత్తికి చిక్కుతాది. చీటీ అన్నా పెద్దది చెయ్యండి, పేరన్నా ఇట్లే ఉండనీండి."

పక్కన నిలబడిన గంగాధరప్ప నవ్వుతూ, "రొంత సర్దు భద్రమ్మా" అన్నాడు.

"సర్దేదానికి ఇది సంతలో బస్తా కాదన్నా."

ఆమె సర్దలేదు. బటర్ పేపర్ మీద "అడుగు పట్టీ కదపరాదు" అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, అట్ట గంగాధరప్ప బల్ల మీద పెట్టింది. మరుసటి రోజు నుంచి తండ్రికి జ్వరం. వారం రోజులు ధర్మవరంలోనే ఉండిపోయింది.

తిరిగి వచ్చేసరికి చీటీలు అచ్చయి, కత్తిరించి, కట్టలు కట్టి ఉన్నాయి. పేరు రెండింతలైంది. చెట్టు చీటీ నిండా ఉంది. అడుగున ఎర్ర పట్టీ లేదు. సన్నటి ఎర్ర చార, దాని మధ్య గోరంత నల్లటి వంపు మాత్రం ఉన్నాయి. అదేమిటో ఆమెకు ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. పుర్రె నడినెత్తి. మిగిలిన పుర్రె, ఎముకలు, అక్షరాలు కత్తికింద పోయాయి.

"పట్టీ ఎవరు కదిపినారన్నా?"

"నేనే. పేరు, చెట్టు బెంగళూరులో పెద్దవి తీయించి, పట్టీ బ్లేడుతో కోసి అర అంగుళం కిందికి అతికించినా. అర అంగుళమే గదా, సరిపోతాది అనుకుంటి" అన్నాడు గంగాధరప్ప తలెత్తకుండా. "మొన్న మంచి వాన పడె. ఈ వారం విత్తనాలు పోకపోతే ఇంకెప్పుడు పోతాయని ఆ మనిషి నా నెత్తిన కూర్చున్నాడు."

"మళ్లీ అచ్చెయ్యాల."

"సగం కట్టలు అప్పుడే పోయినాయి. ఇవిగో, వీటికీ రిక్షా వచ్చింది."

భద్రమ్మ అరిచింది. చేతిలోని ఇనుప స్కేలు గోడకేసి కొట్టింది. మిషను వాళ్లు పని ఆపి చూశారు. రిక్షావాడు కట్టలు ఎక్కించుకుని పోయాడు. ఆమె బల్ల మీదున్న ఎవరిదో పెళ్లి కార్డు ముందుకు లాక్కుని, దాని చుట్టూ లతలు గీయడం మొదలుపెట్టింది. ఆ రోజు రిక్షాకు అడ్డం నిలబడక ఆ లతలు ఎందుకు గీశానా అని తర్వాత ఎన్నో ఏళ్లు తన చేతిని తానే తిట్టుకుంది.

ఆ మొదటి వాన తర్వాత చినుకు లేదు. జూలై పోయింది, ఆగస్టు సగమైంది. విత్తినవి ఎండిపోయాయి. విత్తకుండా మిగిలిన గింజలు ఇళ్లల్లో ఉండిపోయాయి.

ఒక పొద్దున గొంగడి భుజాన వేసుకున్న మనిషి ప్రెస్సు గుమ్మంలో నిలబడి, "ఈడ బొమ్మలు గీసే యమ్మ ఎవురు?" అని అడిగాడు. పేరు ఆదెప్ప. మడకశిర పక్క పల్లె. గొర్రెలు మేపుతాడు, రొంత మెట్ట భూమి ఉంది. మడిచి మడిచి మెత్తబడిన చీటీ ఒకటి చేతిలో పట్టుకున్నాడు.

"నేనే. ఏమప్పా?"

"మా యమ్మ ఆంజినమ్మ. సంచిలో మిగిలిన గింజలు కడిగి ఏయించి తినింది. ఇంట్లో ఇంకేం లేకపోయె. నా కూతురికి కూడా పిడికెడు పెట్టింది. పాపను పెద్దాసుపత్రిలో బతికిచ్చినారు. మా యమ్మ బతకల్యా." గొంతు ఎక్కడా పెంచకుండా చెప్పుకుపోయాడు. "దివాకర్ సారును అడిగితే, ప్రెస్సులో గీసినామె తప్పు చేసింది, ఆడికి పోయి అడుగుపో అన్నాడు. అందుకని వస్తి."

ఆయన తిట్టి ఉంటే భద్రమ్మ తట్టుకునేది. ఆయన అడగడానికి మాత్రమే వచ్చాడు. ఆమె లోపలికి పోయి బీరువాలోంచి పాత అట్ట తీసుకొచ్చి ఆయన ముందు పరిచింది. కోసి కిందికి అతికించిన పట్టీ, బ్లేడు గాటు, పట్టీ మొదట ఉన్న చోట ఆమె నీలం గీతలు, బటర్ పేపర్ మీద ఆమె రాసిన మాట, అన్నీ ఒక్కొక్కటిగా చూపించింది.

ఆదెప్పకు చదువు రాదు. పుర్రె మీద వేలు పెట్టాడు.

"ఇది మా యమ్మకు తెలుసు. కరెంటు స్తంభానికి ఉంటాది గదా. గొర్రెల్ని ఆడికి పోనీయద్దురా అని నా చిన్నప్పుడు ఆయమ్మే చెప్పింది."

అంతలో గంగాధరప్ప వచ్చాడు. ఆదెప్పను మర్యాదగానే బయటికి పంపాడు. మధ్యాహ్నం దివాకర్ వచ్చి, టైపు చేసిన కాగితం ఒకటి భద్రమ్మ ముందు పెట్టాడు. చీటీ తయారీలో తన పొరపాటు వల్ల హెచ్చరిక తప్పిపోయిందని ఆమె ఒప్పుకుంటున్నట్టు అందులో ఉంది.

"సంతకం పెట్టమ్మా. నువ్వు ఆడమనిషివి, నిన్ను ఎవురూ ఏమీ చెయ్యరు. నా పేరు మీద అయితే షాపు మూస్తారు."

"పట్టీ కదిపింది నేను కాదు. కదిపియ్యమనింది మీరు."

"అసలు ఆ ముసల్దానికి చదువే రాదంట. పట్టీ ఉండింటే మాత్రం చదివేదా?"

"అందుకే సార్ బొమ్మ ఏసింది."

గంగాధరప్ప కుర్చీ దగ్గరికి జరుపుకుని, "భద్రమ్మా, నిన్ను తెచ్చి ఈడ కూర్చోబెట్టింది నేను. ఊళ్లో నీకు పేరొచ్చింది నా ప్రెస్సులో. ఈ ఒక్కటి నా కోసం చెయ్యి" అన్నాడు. ఆ మాటతో ఆమెకు ఇంకా ఒళ్లు మండింది. ఇన్నేళ్లు ఆమె గీసిన గీతలు ఈయన ఒక్కసారీ చూడలేదన్నమాట.

అట్ట చంకన పెట్టుకుని లేచింది.

"అది ప్రెస్సుది" అన్నాడు గంగాధరప్ప.

"గీత నాది, గాటు నీది. ఎవురిది ఎంతో ఆఫీసరు చెప్తాడు."

ఆదెప్ప ఇంకా బయట చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ కలిసి వ్యవసాయ శాఖ ఆఫీసుకు పోయి ఫిర్యాదు ఇచ్చారు. రెండు నెలల్లో మూడుసార్లు పిలిచారు. మూడుసార్లూ భద్రమ్మ అట్ట పరిచి మొదటి నుంచి చెప్పింది. చివరికి వచ్చిన రిపోర్టులో "ముద్రణలో సాంకేతిక లోపం" అని రాసి ఉంది.

"లోపం అంటే ఎవురు సార్? ఆయప్ప ఇల్లు యాడ?" అని అడిగింది.

ఆఫీసరు ఆమెను బయట కూర్చోమన్నాడు. కూర్చోలేదు. అట్ట అడిగి తీసుకుని, కారిడార్‌లో నిలబడి, లోపలికి వినబడేట్టు రిపోర్టు మొత్తం ఆదెప్పకు చదివి వినిపించింది. ఆయన కోసమే కాదు, అక్కడ వరసలో నిలబడిన వాళ్లందరి కోసం చదివింది. బంట్రోతు ఇద్దరినీ గేటు దాటించాడు.

ఆమె మళ్లీ ప్రెస్సు మెట్లెక్కలేదు. గంగాధరప్ప రెండుసార్లు కబురు పెట్టాడు. ధర్మవరంలోనే చీరల లేబుళ్లు గీసుకుంటూ ఉండిపోయింది. అట్ట తీసుకుపోయే ప్రతి మనిషి చేతా నీలం గీతల పక్కన సంతకం పెట్టించుకునేది. దానికి విసుక్కుని పోయిన వాళ్లను పోనిచ్చింది.

మరుసటి జూన్‌లో దివాకర్ విత్తనాలు కొత్త పేరుతో వచ్చాయి. కొత్త చీటీ ఒకటి ఆదెప్ప ధర్మవరం తెచ్చి చూపించాడు. పుర్రె ఉంది, కందిగింజంత. భద్రమ్మ దాన్ని చూసి, లోపలి నుంచి తండ్రి పాత ఎక్స్‌రే ఫిల్మ్ తెచ్చింది. దాని మీద అరచేతంత పుర్రె గీసి బ్లేడుతో కోసింది.

"గొర్రెలకు గుర్తు ఏసే ఎర్ర రంగు ఉండాదా నీ దగ్గర?"

"ఉండాదక్కా."

మడకశిరలో సంచులు దింపే రోజున ఇద్దరూ అక్కడ నిలబడ్డారు. కొనుక్కుని వచ్చే ప్రతి మనిషినీ ఆదెప్ప ఆపి తల్లి సంగతి చెప్పేవాడు. భద్రమ్మ సంచి మీద ఫిల్మ్ పరిచి, గుడ్డతో రంగు అద్దేది. కొందరు నవ్వారు. పొద్దున్నే పుర్రె ముఖం చూపిస్తావా అని ఒకామె శాపనార్థాలు పెట్టి పోయింది. కొందరు తమంతట తామే సంచి దించి ముందుకు జరిపారు.

దివాకర్ మనిషి పరుగెత్తుకొచ్చాడు. "సరుకు పాడు చేస్తాండావు. కేసు పెడతాం."

"పెట్టుకో. చేసింది ఎవురని అడిగితే నా పేరు చెప్పు. భద్రమ్మ, రామదాసు కూతురు, ధర్మవరం. లోపం అని రాయొద్దు."

అతను ఇంకా ఏదో అంటున్నాడు. ఎదురుగా తిమ్మక్క అనే ముసలామె సంచి రెండు చేతులా పట్టుకుని వంతు కోసం నిలబడి ఉంది. భద్రమ్మ సంచి గుడ్డ ముడతలు చదును చేసి, ఫిల్మ్ సరిగ్గా మధ్యలో పెట్టి, "కదిలీయద్దు అవ్వా" అంది.