లోపలి కంప్యూటరుకు అధిపతి

వినికిడి యంత్రాలు అమర్చే దుకాణం నడుపుతున్న ఒక నడివయసు స్త్రీకి తమ్ముడు ఒకడుండేవాడు. వీధిలో అందరూ అతణ్ణి ‘ఇంజినీరు’ అనేవారు. అతడు ఇంజినీరింగు చదివినవాడు కాడు. అయినా ఆ పిలుపును ఏనాడూ సవరించలేదు. చేరిన ప్రతి ఉద్యోగంలోనూ పై అధికారికి తెలివి చాలదని తేల్చి, రాజీనామా విసిరి, ఇంటికి వచ్చి కాళ్లు చాపుకొని కూర్చునేవాడు. అక్క జాలిపడి, దుకాణంలోని కంప్యూటరును అతని చేతిలో పెట్టింది. జాలికి కళ్లుండవు గనుక ఆమెను తప్పు పట్టలేము.

పాత వినికిడి యంత్రాలను సరిదిద్దే సాఫ్ట్‌వేరు కొత్త కంప్యూటరులో పనిచేయదు. అందువల్ల కొత్తదాని లోపలే, తెరమీద ఒక చతురస్రంలో కనిపించే పాత కంప్యూటరును ఏర్పాటు చేశారు. దీనినే వర్చువల్ మెషీన్ అంటారు. వినికిడి యంత్రాన్ని తగిలించే చిన్న పెట్టెను యూఎస్‌బీ వైరుతో కలిపి, మెనూలో దాని వరుస ఎదుట టిక్ పెడితే, అది బయటి కంప్యూటరును విడిచి లోపలిదాని వశమవుతుంది. టిక్ తీస్తే మళ్లీ బయటికి వస్తుంది. ఏకకాలంలో రెండింటికీ దక్కదు. సంగతి ఇంతే. కాని మన ఇంజినీరు దీనికి ఇచ్చే ఉపోద్ఘాతం వినలేక, చెవులు సరిగా వినిపించే కొద్దిమంది ఖాతాదారులు కూడా వీధిలోకి వెళ్లి నిలబడేవారు.

ఒకనాడు అతడు ఆ మెనూలో మౌసు పేరు ఎదుటనే టిక్ పెట్టాడు. మౌసు ఆజ్ఞ పాటించి లోపలి కంప్యూటరులోకి పోయింది. బయట బాణం గుర్తు కదలడం మానేసింది. చేసిన పని గ్రహించడానికి బదులు, “నాసిరకం సరుకు” అని ప్రకటించి, ఆ మౌసును చెత్తబుట్టలో పారవేసి, కొత్తది తెప్పించాడు. దానికీ అదే సన్మానం జరిగింది. అక్క ఆ బుట్ట వైపు, తమ్ముని వైపు చూసి, మూడో మౌసుకు డబ్బు లెక్కపెట్టింది.

అటువంటి దుకాణానికి ఒక ఉదయం వృద్ధుడైన దర్జీ భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. అతని యంత్రం చెవిలో ఈల వేస్తోంది. దానిని తయారుచేసిన కంపెనీ మూతపడి చాలాకాలమైంది. కొత్తరకం యంత్రాలు పెట్టి చూస్తే అతనికి మాట తెలియక రొద మాత్రమే వినిపించింది. లోకంతో అతనికున్న సంబంధమంతా ఆ గింజంత వస్తువే.

అక్క దానిని పెట్టెకు తగిలించి, ఈల అణిగేలా కొలతలు మార్చి, కొత్త అమరికను అందులోకి రాయించడం మొదలుపెట్టింది. తెరమీద నీలిగీత మెల్లగా సాగుతోంది.

“ఒరేయ్, ఈ గీత చివరిదాకా వెళ్లేవరకు దేన్నీ ముట్టుకోకు. మధ్యలో ఆగితే ఈ యంత్రం మళ్లీ లేవదు” అని చెప్పి, ఆమె దర్జీ చెవి పరీక్షించడానికి పక్కకు తిరిగింది.

“నాకా చెబుతున్నావ్ అక్కా?” అన్నాడు అతడు.

అతనికి తెరమీది ఆ దృశ్యాన్ని ఫోనులోకి ఎక్కించి స్నేహితులకు చూపించాలని బుద్ధి పుట్టింది. ఫోనును కంప్యూటరుకు కలిపి, దానిని కూడా లోపలికి పంపాలని మెనూ తెరిచాడు. అందులో ‘తెలియని పరికరం’ అని, చివర వేర్వేరు అంకెలతో, రెండు వరుసలున్నాయి. ఒకటి ఫోను, రెండవది పెట్టె. పెట్టె ఎదుట టిక్ ముందే ఉంది. చదివి నొక్కడం సామాన్యులు చేసే పని. అతడు చదవకుండా నొక్కాడు. పెట్టె ఎదుటి టిక్ తొలగింది. నీలిగీత నిలిచిపోయింది.

అక్క పరుగున వచ్చి ఎన్ని విధాల ప్రయత్నించినా ఆ యంత్రం మరి పలకలేదు.

అప్పుడు ఇంజినీరు గొంతు సవరించుకొని దర్జీకి ఎదురుగా కూర్చున్నాడు. “చూడండి పెద్దాయనా, పాత పరికరాల్లో కంపాటిబిలిటీ అని ఒక సమస్య ఉంటుంది...” అని ఆరంభించి, వైరు లోపమనీ, కరెంటు లోపమనీ, కంపెనీ లోపమనీ విడమరచి చెప్పాడు. దర్జీ మర్యాదగా అతని పెదవులు చూస్తూ తల ఊపాడు. ఆ ఊపులు చూసి అతడు మరింత విజృంభించాడు.

దర్జీ భార్య అడ్డు తగిలింది. “నాయనా, నువ్వు చెప్పేదొక్కటీ ఆయనకి వినపడదు. నాకు వినపడుతోంది, అదే నా ఖర్మ. ఇది పలుకుతుందా, పలకదా?”

“అమ్మా, టెక్నికల్‌గా చూస్తే...”

“పలకదు పెద్దమ్మా” అంది అక్క. “పాడైపోయింది. పాడు చేసింది మా తమ్ముడు. ఎక్కడ దొరికినా ఇలాంటిది నేనే వెతికి తెస్తాను.”

“దొరుకుతుందంటావా అమ్మా?”

అక్క “తెలీదు” అంది.

దర్జీ భార్య భర్త అరచేతిలో వేలితో ఏదో రాసింది. అతడు ఖాళీ చెవిని ఒకసారి తడుముకొని, నెమ్మదిగా లేచాడు.

వారు మెట్లు దిగాక అక్క తమ్మునికేసి తిరిగి, “కుర్చీలోంచి లే. మళ్లీ ఈ దుకాణంలో అడుగు పెట్టకు” అంది.

“నీ మంచికే కదా అక్కా నేను...”

“లే!”

అతడు లేచాడు. కాని ఫోనును ఊరికే లాగలేదు. మెనూ తెరిచి, రెండు వరుసలనూ జాగ్రత్తగా చదివి, తన ఫోను ఏదో నిర్ధారించుకొని, పద్ధతి ప్రకారం విడిపించి, ‘ఇక సురక్షితంగా తీయవచ్చు’ అని తెర చెప్పేవరకు ఓపికగా నిరీక్షించి, అప్పుడు మాత్రమే వైరు ఊడదీశాడు.