ఊపిరాడని రంపం

ఎల్బీనగర్‌లో చెట్లు కొట్టే లింగస్వామికి వాళ్ల నాయన వాడిన పెట్రోల్ రంపమంటే ప్రాణం. దసరా నుంచి దానికేదో జబ్బు చేసింది. స్టార్టవుతుంది, కాసేపు కోస్తుంది, దమ్ము అందనట్టు ఆగిపోతుంది. ప్లగ్గు మార్చాడు, కార్బురేటర్ కడిగాడు, లాభం లేదు. ఇవాళ కూడా మొరాయిస్తే పాత ఇనుము కింద అమ్మేస్తానని భార్య యాదలక్ష్మికి మాటిచ్చేశాడు.

దిల్‌సుఖ్‌నగర్‌లో భానుమూర్తి గారి గేటుకు అడ్డంగా పడిన తురాయి మాను సగం తెగిందో లేదో, రంపం ఆగింది.

"ఏంటయ్యా, అప్పుడే అలిసిపోయిందా?" అన్నాడు భానుమూర్తి.

"జర ఆగుండ్రి సార్, పెట్రోల్ చూస్త" అంటూ లింగస్వామి ట్యాంకు మూత తిప్పాడు. నీళ్లలోంచి పైకి తేలిన మనిషిలా ట్యాంకు సుయ్‌మని గాలి పీల్చుకుంది. పెట్రోల్ ఉంది. మూతను వెలుతురులో పట్టి చూశాడు. పెట్రోల్ దిగడానికి ట్యాంకులోకి గాలి వెళ్లాల్సిన సన్నటి రంధ్రం నిండా ఎండిన పసుపు, దానిమీద కుంకుమ. దసరా పూజలో ఎంతో భక్తిగా, సరిగ్గా అక్కడే బొట్టు పెట్టింది తనే.

కొమ్మలు ఏరుతున్న యాదలక్ష్మి తొంగిచూసింది. "ముక్కు మూసి మొక్కినవా దానికి?"

అతను పిన్నీసుతో పసుపు తీసి, మూత బిగించి, తాడు లాగాడు. రంపం ఆగకుండా మానును కోసేసింది.

"ఇగ బందు చెయ్యి, ఇంటికి తీస్కపోదాం" అంది యాదలక్ష్మి.

లింగస్వామి ఇంజన్ ఆపలేదు. ఇంత ఇనుమూ ఆవగింజంత రంధ్రంతో బతుకుతోందా అనుకుంటూ, దాని చప్పుడు వింటూ నిలబడ్డాడు.