పది వేళ్లకు ఏడు వేళ్లు

నంద్యాలలో ఇంటర్ చదివేటప్పుడు ఫిజిక్స్ లెక్చరర్ ఒకాయన నన్ను గంటసేపు నిలబెట్టాడు. క్షమించేశానని గొప్పలు చెప్పుకోను. క్షమించలేదు.

ఆ రోజు ఆయన బోర్డు మీద ఒక అర్ధగోళం గీసి, దాని మీద అంతే వెడల్పున స్తంభం గీశాడు. అడుగు గుండ్రంగా ఉంటే చాలు, ఎంత వంచినా వస్తువు తిరిగి లేచి నిలబడుతుందన్నాడు. నేను చెయ్యెత్తాను. మా నాయన ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కుతాడు. గుండ్రటి అడుగు పది వేళ్ల లోతుంటే దాని మీద రాయి ఎత్తు ఏడు వేళ్లకు మించకూడదని, మించితే బరువు పైకెక్కి పడిపోతుందని నాయన దగ్గరే నేర్చుకున్నాను. అదే చెప్పాను.

"రాళ్లు కొట్టేటోని కూతురు నాకు పాఠం చెప్తాంది సూడండ్రా! నిలబడు నువ్వు," అన్నాడు. క్లాసంతా పగలబడి నవ్వింది. నన్ను తిట్టి ఉంటే మరిచిపోయేదాన్నేమో. అన్నది నాయనను.

చదువయ్యాక నాయన షెడ్డులోనే పనికి దిగాను. పోయిన ఏడాది ఆ లెక్చరరే వచ్చాడు. జుట్టు నెరిసింది గానీ పొగరు తగ్గలేదు. నన్ను గుర్తుపట్టలేదు. రిటైర్మెంట్ సభలో అందరి ముందూ వేలితో తోసి చూపించడానికి రాతి బొమ్మ కావాలట. కాగితం మీద గీసిచ్చి పోయాడు. అదే అర్ధగోళం, అదే స్తంభం. అడుగు మూడు వేళ్లయితే స్తంభం ఆరు వేళ్లు. నాకు లోపల పండగే.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. అడుగు గుండ్రంగా ఉన్న రాయిని చదును బండ మీద పెట్టి, కొన్నవాళ్ల ఎదుటే ఊపి చూపించి ఇస్తాం. కాగితం చూడగానే నాయన, "ఇది నిలబడదు గదమ్మా. ఆ సారుకు చెప్పినావా?" అన్నాడు.

"సిమెంటులో నాటుకుంటాడంట నాయనా. గీసినట్టే చెక్కు," అన్నాను. పచ్చి అబద్ధం. నాయన నా మాట నమ్మి, ఊపి చూడకుండానే గోనెపట్టాలో చుట్టాడు.

సభకు రాయిని నాయనే మోసుకొచ్చాడు. నేను ముందు వరుసలో కూర్చున్నాను. లెక్చరర్ మైకులో సమతాస్థితి గురించి దంచి దంచి చెప్పి, బొమ్మను బల్ల మీద పెట్టి చెయ్యి తీశాడు. తోసే పని కూడా లేకపోయింది. ధడేల్మని పడి, దొర్లి, ఆయన కాళ్ల దగ్గర ఆగింది. హాలంతా నవ్వులే. ఎన్నేళ్లుగానో నేను వినాలనుకున్న నవ్వు అది. కడుపు నిండిపోయింది.

ఆయన మైకు దగ్గరికి జరిగి, "ఈ చెక్కేటోళ్ల పని ఇంతేనప్పా. గీసిచ్చినా చేతగాదు," అన్నాడు. మళ్లీ నవ్వారు. ఈసారి అందరూ తలుపు పక్కన నిలబడ్డ నాయననే చూస్తున్నారు. నాయన తల దించుకున్నాడు.

లేచి అరిచాను. "మా నాయన తప్పేం లేదు. మీరు గీసిందే తప్పు. క్లాసులో ఆ పొద్దే చెప్పినా సార్, నన్ను నిలబెట్టినారు!" ఆయన ముఖం పాలిపోయింది. అప్పుడు గుర్తుపట్టాడు. దానికి నేను ఈ రోజుకీ బాధపడను.

బస్సులో నాయనకు మొదటి నుంచీ అంతా చెప్పాను. ఆయప్ప నిన్నంత మాట అన్నందుకే ఇదంతా చేశానన్నాను.

"క్లాసులో ఆయప్ప నా ముఖమన్నా చూడకుండా అన్నాడు లేమ్మా," అన్నాడు నాయన. "నువ్వు దినామూ చూస్తానే చేసినావు."