హారతి ఆర్పిన ఫ్యాన్

డెబ్బైలలో శేరిలింగంపల్లిలో మా వర్క్‌షాపు చుట్టూ బండరాళ్లు తప్ప చూడటానికేమీ ఉండేది కాదు. కోస్తా నుంచి కొత్తగా దిగిన ఇంజనీరుని కాబట్టి నన్ను నేనే చూసుకుని మురిసిపోయేవాణ్ణి. ఆయుధపూజ రోజున నేను చేసిన స్విచ్ పనిచేస్తే ఉద్యోగం పర్మనెంటు, లేదంటే పెట్టె సర్దుకోవడమే అన్నారు మా యజమాని, పెద్దసారు.

ఆ స్విచ్ ఒక డబ్బా. లోపల ఒక పక్క బ్యాటరీతో వెలిగే చిన్న బల్బు, ఎదురుగా గాజుకన్ను ఉన్న థైరిస్టర్. రెండింటికీ మధ్య తీగ లేదు, వెలుగే. బటన్ నొక్కితే బల్బు వెలుగుతుంది. ఆ వెలుగు పడగానే థైరిస్టర్ మెయిన్ కరెంటుని పెద్ద ఫ్యాన్‌కి వదులుతుంది. నొక్కినవాడికి షాక్ కొట్టే ప్రశ్నే లేదు. ఇంత తెలివి నాకెలా వచ్చిందా అని నాకే ఆశ్చర్యం.

పూజ చేసేది మా ఫిట్టరు, ఆ ఊరి పెద్దమనిషి. బయటి వెలుగు లోపల పడకుండా నేను బిగించిన డబ్బా మూతని ఆయన విప్పేశాడు.

“దేవుని ముందట మూసిపెడ్తరా సారూ? లోపటి సామాన్‌కు హారతి వద్దా?”

పెద్దసారు పక్కనే చేతులు జోడించి ఉండటంతో నోరెత్తలేకపోయాను. ఆ మూల చీకటిగా ఉంది కాబట్టి ఇంకా కొంప మునగలేదు.

కర్పూరం వెలుగు గాజుకన్ను మీద పడింది. ఫ్యాన్ గిర్రున తిరిగి హారతిని ఆర్పేసింది. వెలుగు పోగానే ఫ్యాన్ ఆగింది. ఆయన మళ్లీ వెలిగించాడు. మళ్లీ ఊదేసింది. మూడోసారికి అందరూ నావైపు చూడటం మొదలుపెట్టారు.

“ఏంది సారూ, మీ మెషిన్ అమ్మవారికే ఎదురు చెప్తున్నది!” అంటూ ఫిట్టరు తడి కుంకుమతో సరిగ్గా గాజుకన్ను మీదే ఇంత బొట్టు పెట్టాడు. నాలుగోసారి హారతి నిశ్చలంగా వెలిగింది. అందరూ కళ్లకద్దుకున్నారు.

హారతి కొండెక్కాక పెద్దసారు బటన్ నొక్కారు. ఫ్యాన్ కదల్లేదు.

“ఏవయ్యా, నిప్పు చూపిస్తే తిరిగింది, బటన్ నొక్కితే తిరగదేం?”

బొట్టు తుడవాలి సార్, అనాలి. పండగపూట దేవుడి బొట్టు తుడిచేవాణ్ణి ఎవరు పర్మనెంట్ చేస్తారు? నాకు నిజంగా ఏడుపొచ్చింది. చివరికి ఫిట్టరు వైపు తిరిగి, “పెద్దయ్యా, ఆ బొట్టు నాకు పెడతారా?” అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. “గిప్పుడు బుద్ధొచ్చింది బిడ్డా!” అని గాజు మీది కుంకుమంతా చుక్క మిగలకుండా వేలితో తీసి నా నుదుటి నిండా పూశాడు.

పెద్దసారు మళ్లీ నొక్కారు. ఫ్యాన్ తిరిగింది. ఆయన నావైపు చూసి తలూపారు. నేను వంగి ఫిట్టరు కాళ్లకి దండం పెట్టాను.